పిట్టలను ఎండాకాలంలోనే చూడాలి

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో పిట్టలను చూడటానికి బయలుదేరేవాళ్ళ లెక్కలో సీజన్ అంటే చలికాలమే. కార్తీకం దాటిందంటే కెమెరాలు బయటికి వస్తాయి, పాకాలకు, రామప్పకు, ధర్మసాగరానికి తెల్లవారుజామున కార్లు కదులుతాయి, జనవరిలో నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో పెరటి పిట్టల లెక్కింపు జరుగుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోగానే బైనాక్యులర్లు బీరువాల్లోకి చేరతాయి, మళ్ళీ దసరా దాకా వాటి జోలికి ఎవరూ పోరు. 1987లో మొదలైన ఆ జనవరి గణన ఎంత విలువైనదో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఏడాది పొడవునా మన ఊళ్ళోనే ఉండే పిట్టలను గురించి, అవి బతికే పార్కులను గురించి, ఆ పార్కులను మనం నడుపుతున్న తీరు గురించి తెలుసుకోవాలంటే నడవాల్సిన నెలలు ఏప్రిల్, మే, జూన్ అనీ, నడవాల్సిన చోటు ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న పార్కే అనీ నా వాదన.

కారణం సులువుగానే చెప్పవచ్చు. చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి మన చెరువులకు వచ్చే బాతులకు కావలసింది మేత, కాస్త ప్రశాంతత. అవి చుట్టపుచూపుగా వచ్చి కొన్ని నెలలుండి పోతాయి. వాటి గూడు, గుడ్డు, పిల్ల అన్నీ అక్కడే. ఇక్కడే పుట్టి ఇక్కడే పోయే పిట్టల సంగతి వేరు. వాటిలో చాలావాటికి మాఘం, ఫాల్గుణం నుంచి తొలకరి దాకా సంసారం నడిచే కాలం. తొర్ర కావాలి, గుడ్లను దాచే పొద కావాలి, పిల్లల నోట్లో పెట్టడానికి పురుగు కావాలి, 44 డిగ్రీల ఎండలో నీడ కావాలి. ఒక పార్కు వీటిలో ఏది ఇస్తోందో, ఏది ఇవ్వడం లేదో మే నెలలో తేలినంత స్పష్టంగా జనవరిలో తేలదు. జనవరిలో ఒక కొమ్మ మీద వాలిన పిట్ట అక్కడే ఎందుకు వాలిందో చాలాసార్లు అంతుపట్టదు; మే నెలలో ముక్కున పురుగు కరుచుకుని వాలిందంటే ఇక అడగక్కర్లేదు.

మేము అయిదారుగురం. ఒక రిటైర్డు బయాలజీ సారు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సక్క, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు, నేను. సెలవులు గనుక సారు మనవడు కూడా ఒక్కోసారి తోడవుతాడు. హనుమకొండలో మా ఇళ్ళకు దగ్గరి పార్కులో ఆదివారాలు కలుస్తాం. పార్కు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే ఫిర్యాదులు ఆ ఒక్క పార్కువి కావు. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో చదివేవాళ్ళు తమ పార్కు పేరు వేసుకుని చదువుకున్నా సరిపోతుంది. ఎండల్లో ఎట్లా తిరుగుతారని అడుగుతుంటారు. మే నెలలో ఇక్కడ 5:40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అప్పటికి గేటు దగ్గర ఉంటే ఎనిమిదింటి లోపు పని అయిపోతుంది, ఆ తర్వాత పిట్టలూ నీడకు చేరతాయి, మనమూ చేరవచ్చు. ఊళ్ళో సగం మంది వాకింగ్‌కు వచ్చే వేళే అది. వాళ్ళు రౌండ్ల మీద రౌండ్లు కొడుతుంటే మేము ఒక చెట్టు కింద పావుగంట నిలబడతాం కాబట్టి, "ఏం పారేసుకున్నరు సారూ, గంతగనం దేవులాడుతున్నరు?" అన్న ప్రశ్న వారం వారం వినాల్సిందే.

పార్కు తూర్పు మూలన ఉన్న పాత తురాయి చెట్టుకు ఒక కొమ్మ ఎండిపోయింది. ఆ కొమ్మ అడుగు వైపున, నేలకేసి చూస్తున్నట్టుగా, రెండు వేళ్ళ వెడల్పున గుండ్రటి తొర్ర ఒకటి ఉంటుంది. అది కంసాలి పిట్ట ఇల్లు. పిచ్చుక కంటే కొంచెం పెద్ద పిట్ట; పచ్చటి ఒళ్ళు, నుదుటి మీదా రొమ్ము మీదా ఎరుపు, కంటి చుట్టూ గొంతు కిందా పసుపు. ఎండ ముదురుతున్నకొద్దీ ఊరంతా వినిపించే టుక్ టుక్ టుక్ దీనిదే. విన్నవాళ్ళు లెక్కలేనంత మంది, చూసినవాళ్ళు చాలా తక్కువ. బైనాక్యులర్‌లో నిదానంగా చూస్తే తెలిసే సంగతి ఏమిటంటే, కూసేటప్పుడు అది ముక్కు తెరవదు. ముక్కు మూసే ఉంటుంది, గొంతుకు రెండు పక్కలా చర్మం ప్రతి టుక్కుకూ ఉబ్బి తగ్గుతుంది. కూస్తూ కూస్తూ తలను ఇటూ అటూ తిప్పుతుంటుంది కాబట్టి, ఆ శబ్దం ఏ కొమ్మ నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. సారు మనవడు మొదటిసారి చూసినప్పుడు పిట్ట తొర్రలో సగం దూరి ఉంది, బయటికి తోక మాత్రమే కనిపిస్తోంది. కాసేపటికి వెనక్కి జరిగి, ముక్కునిండా తెచ్చిన కొయ్యపొడిని గాలిలోకి విదిలించి, మళ్ళీ లోపలికి పోయింది. ఆ పొడి పిల్లవాడి టోపీ మీద రాలింది. ఆడా మగా రెండూ వంతులేసుకుని తవ్వుతాయనీ, వంతులేసుకునే పొదుగుతాయనీ సారు చెప్పారు. ఈ పిట్ట ముక్కు వడ్రంగి పిట్ట ముక్కంత బలమైనది కాదు, చేవదేరిన పచ్చి కొయ్యను తవ్వలేదు, పుచ్చి మెత్తబడిన కొయ్యే దానికి కావాలి. అంటే ఆ నిండు చెట్టులో గూటికి పనికొచ్చేది, మనం చచ్చిపోయిందనుకునే ఆ ఒక్క కొమ్మే.

ఇప్పుడు ఇదే కొమ్మను పార్కు నిర్వహణ వైపు నుంచి చూడండి. ఎండుకొమ్మలు కొట్టించడానికి మన దగ్గర ఎంచుకునే సమయం వానలకు ముందు, అంటే సరిగ్గా ఏప్రిల్, మే. గాలిదుమారానికి కొమ్మలు విరిగి కరెంటు తీగల మీదా మనుషుల మీదా పడతాయని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. మే నెల సాయంత్రం లేచే గాలివాన ఎంతటి చెట్టునైనా కూలదోస్తుందని ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ నడకదారి మీదికి వంగిన కొమ్మకూ, ఎవరూ తిరగని మూలన నిలబడి ఉన్న మోడుకూ తేడా చూడకుండా, కాంట్రాక్టరు కాగితంలో 'ఎండిన చెట్ల తొలగింపు' అని ఒక్క మాట ఉందని అన్నింటినీ ఒకే రోజు రంపానికి అప్పగించడం జాగ్రత్త అనిపించుకోదు. కిందటి వేసవిలో అట్లాగే ఒక మోడు పోయింది. దాని నిండా వడ్రంగి పిట్టలు ఏనాడో తొలిచి వదిలేసిన తొర్రలు. వడ్రంగి పిట్టలు వదిలిన తొర్రల్లో గోరింకలు, రామచిలుకలు, చిన్న గుడ్లగూబలు చేరతాయి. వాటికి తమంతట తాముగా అంత తొర్ర తొలుచుకునే శక్తి ఉండదు. మోడును నేలమట్టం చేస్తే ఆ వరుస అంతా ఒక్క పూటలో తెగిపోతుంది. దానికి బదులుగా మొక్క నాటామంటారు. ఆ మొక్క పెరిగి, ముసలిదై, కొమ్మ పుచ్చి, తొర్రకు పనికొచ్చే నాటికి నాటినవాళ్ళెవరూ ఉండరు.

నేను అడిగేది కొట్టవద్దని కాదు. దారి పక్క కొమ్మలు అక్టోబరు, నవంబరులలో కొట్టించవచ్చు, అప్పటికి చాలా గూళ్ళు ఖాళీ అవుతాయి. మూలన ఉన్న మోడును మొదలంటా తీయకుండా, కూలినా ఎవరికీ తగలని ఎత్తుకు కత్తిరించి వదిలేయవచ్చు. ఖర్చు పెరగదు సరికదా, కొంత తగ్గుతుంది.

పాలపిట్ట సంగతి మరీ విచిత్రం. 2014లో మనం రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్న పిట్ట అది. దసరా నాడు దాన్ని చూడనిదే జమ్మి పంచుకున్నా పండుగ పూర్తయినట్టు ఉండదు. ఆ ఒక్క పూట దర్శనం కోసం వాటిని ముందే పట్టి, రెక్కలు కదలకుండా కట్టి, పంజరాల్లో పెట్టి, డబ్బులు తీసుకుని వీధి వీధినా చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని చూపించేవాళ్ళకూ తెలుసు, చూసి దండం పెట్టుకునేవాళ్ళలో చాలామందికీ తెలుసు. ఆ పిట్ట నిజంగా ఏం చేయగలదో చూడాలంటే దసరాకు ఆరు నెలల ముందు రావాలి. మా పార్కు వెనక గోడ అవతల, ఇంకా ప్లాట్లు పడని చెలకలో, తల పోయిన తాటి మోడు ఒకటి ఉంది. ఏప్రిల్ పొద్దుటి పూట పాలపిట్ట ఆ మోడు మీద నుంచి నిట్టనిలువుగా పైకి లేస్తుంది, పైకి చేరాక తలకిందులుగా కిందికి దూకుతుంది, దూకుతూ ఒంటిని ఈ పక్కకూ ఆ పక్కకూ దొర్లిస్తుంది, దొర్లినప్పుడల్లా రెక్కల్లోని లేత నీలం, ముదురు నీలం ఒకదాని వెంట ఒకటి మెరుస్తాయి. ఇంత సేపూ బొంగురు గొంతుతో అరుస్తూనే ఉంటుంది. తీగ మీద మట్టిరంగు ముద్దలా కూర్చునే పిట్ట ఇదేనా అనిపిస్తుంది. మేము గోడ పక్కన తలలెత్తి నిలబడి ఉండగా వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "పాలపిట్టనా? దసరాకు గదా అది అచ్చేది" అన్నాడు. నర్సక్క నవ్వి, "అది ఏడికి పోదు బాపూ, ఎప్పుడు ఈడనే ఉంటది. మనమే దసరాకొక్కసారి సూస్తం" అని బైనాక్యులర్ ఆయన చేతికిచ్చింది. ఆయన ఆ రోజు మిగతా రౌండ్లు పూర్తి చేయలేదు.

ఆ జంట గుడ్లు పెట్టేది ఆ తాటి మోడు తొర్రలోనే. ఊరి చుట్టూ చెలకలు ప్లాట్లవుతున్నప్పుడు మొదట పీకేసేది ఇట్లాంటి మోడులనే, ఎందుకంటే వాటికి కల్లూ రాదు, నీడా రాదు. పంజరంలో పాలపిట్టను చూపించేవాణ్ని తిట్టడం సులువు, తిట్టాల్సిందే కూడా. కానీ దాని గూడు పోవడానికి కారణమైన లేఅవుట్‌లో మనకూ ఒక ప్లాటు ఉండవచ్చు, ఆ సంగతి దసరా నాడు గుర్తుకు రాదు.

చెట్ల మీద ఉన్నవాటినైనా తలెత్తితే చూడవచ్చు, నేల మీద ఉన్నవాటిని తొక్కకుండా ఉండటమే కష్టం. పిల్లల ఆటస్థలం కోసమని కంకర పోసి ఆపేసిన జాగాలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడు అనడానికి అక్కడ ఏమీ లేదు, కంకరలో చిన్న పల్లం, దాని చుట్టూ నాలుగు రాళ్ళ ముక్కలు. మట్టిరంగు మీద నల్ల మచ్చల గుడ్లు, సన్నటి మొనలు లోపలికి తిరిగి ఉంటాయి. మూడడుగుల దూరంలో నిలబడ్డా వాటిని రాళ్ళ నుంచి విడదీసి చూడలేం. తీతువు కూస్తే కీడని మన పల్లెల్లో పేరు పడింది, రాత్రిపూట ఆ కూత విని తలుపులు వేసుకునేవాళ్ళున్నారు. పాపం అది కీడును మోసుకొచ్చేది కాదు, దాని గుడ్ల దగ్గరికి కుక్కో మనిషో వస్తే గోల పెట్టేది. ఎండెక్కాక అది చేసిన పని ఒకటి చూసి మాలో ఎవరూ కదల్లేదు. లీకవుతున్న నీళ్ళ పైపు దగ్గరికి నడిచి వెళ్ళి, ఆ తడిలో కూర్చుని, పొట్ట కింది ఈకలను నీళ్ళలో నానబెట్టి, లేచి, తిన్నగా నడిచి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. పొదగడమంటే వెచ్చబెట్టడమనే మనం చదువుకున్నాం. ఆ కంకర మీద, ఆ ఎండలో, దాని పని గుడ్లను చల్లబరచడం. ఏ చలికాలపు నడకలోనూ ఇది చూడలేం. గుడ్లు పిగలడానికి నాలుగు వారాల పైచిలుకు పడుతుంది, పిగిలిన కాసేపటికే పిల్లలు తల్లి వెంట నడిచిపోతాయి. మాలి అన్న ఎవరూ చెప్పకుండానే ఆ జాగా చుట్టూ ఇటుకలు పేర్చి, "గీడికెల్లి పోకుండ్రి" అని పిల్లలకు చెప్పాడు. పార్కులో మా అందరికంటే ఎక్కువ గూళ్ళు తెలిసిన మనిషి ఆయనే. ఆయన్ని అడిగి పనులు వేసే పద్ధతి ఎక్కడైనా ఉందా?

కోయిలను మనం ఉగాదికి అప్పగించి ఊరుకున్నాం. అది మే, జూన్ నెలల్లోనూ గొంతు చించుకుంటుంది, ఎందుకంటే కాకులు గూళ్ళు కట్టేది అప్పుడే, కోయిల గుడ్డు పెట్టాల్సింది ఆ గూళ్ళలోనే. కూ అని రాగం తీసేది నల్లటి మగది. మచ్చల మచ్చల గోధుమరంగు ఆడది కిక్ కిక్ కిక్ అని అరుస్తూ ఆకుల్లో దూరుతుంది. లైటు స్తంభం మీద కాకి గూడు అసహ్యంగా ఉందని తీసేయిస్తే పోయేవి ఒక్క కాకిపిల్లలే కావు.

వేసవి రాగానే పిట్టల కోసం నీళ్ళ గిన్నెలు కట్టే కార్యక్రమాలు మొదలవుతాయి. మంచిదే, కట్టండి. కానీ ప్రారంభోత్సవం నాటి ఫోటో తర్వాత ఆ గిన్నెను ఎవరు కడుగుతున్నారో కూడా ఒకసారి చూడండి. మా పార్కులో చెట్లకు వేలాడే గిన్నెలు సగం ఎండి ఉంటాయి, మిగతావాటిలో పాచి పట్టి, దోమ పిల్లలు ఈదుతుంటాయి. కడగని గిన్నె దగ్గర గుమిగూడే పిట్టలకు ఒకదాని జబ్బు ఒకదానికి అంటుకుంటుంది. నేల మీద వెడల్పాటి మట్టి పళ్ళెం, లోతు తక్కువ, రోజూ కడిగే ఒక మనిషి ఉంటే చాలు. గింజలు చల్లడం గురించి నాకు అంత ఉత్సాహం లేదు. దానితో పెరిగేవి పావురాలే. పైగా వేసవిలో గూటి పిల్లలకు కావలసింది గింజ కాదు. గింజలు తిని బతికే పిచ్చుక కూడా పిల్లలకు మొదట్లో పెట్టేది పురుగులే.

ఆ పురుగులు ఎక్కడ దొరుకుతాయి? రాలిన ఆకుల కింద. ఆరేడు కలిసి గోల చేస్తూ తిరిగే బూడిదరంగు పిట్టలను, హిందీవాళ్ళు సాత్ భాయీ అనేవాటిని, చూడని పార్కు ఉండదు. అవి పొద్దస్తమానం చేసే పని ఎండుటాకులను ఒక్కొక్కటే తిప్పి కింద వెతకడం. మనం ఆ ఆకులను పొద్దున్నే ఊడ్చి, కుప్ప పోసి, నిప్పు పెడుతున్నాం. ఆ పొగ నేరుగా పై గూళ్ళలోకి పోతుంది. ఊడ్చిన నేల మీద టైల్స్ వేస్తున్నాం, చెట్టు మొదలు దాకా సిమెంటు గట్టు కడుతున్నాం, మిగిలిన చోట లాన్ పరిచి దానికి నీళ్ళు కొడుతున్నాం. 2015లో హరితహారం మొదలయ్యాక తొందరగా పచ్చబడుతుందని రోడ్ల మధ్యా పార్కుల అంచునా విరివిగా నాటిన కోనోకార్పస్‌ను ఇక నాటవద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పింది. మా పార్కులో గోడ పొడవునా అది ఇంకా ఉంది, గుబురుగా, పచ్చగా. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా నోట్ బుక్‌లో రాసుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. దానికి ఎదురుగా, ఎవరూ నాటకుండా బాత్రూం గోడ పగులులోంచి లేచిన రావి కింద నిలబడితే పది నిమిషాల్లో పేజీ నిండుతుంది. పండ్లు మాగిన రోజుల్లో కంసాలి పిట్ట, కోయిల, గోరింక, పిగిలి పిట్ట అన్నీ అక్కడే. సుందరీకరణ అనే పనికి మన దగ్గర ఉన్న అర్థంలో ఆ రావికి చోటు లేదు, గోడకు చేటని దాన్ని ఏదో ఒక రోజు కొట్టేస్తారు కూడా. కొట్టేస్తే కొట్టేయనివ్వండి, గోడా ముఖ్యమే. కానీ ఇంకో చోట ఒక రావినో జువ్వినో నాటాకే కొట్టమని అడగడంలో తప్పు లేదు.

చలికాలాన్ని సమర్థించేవాళ్ళ మాటల్లో ఒకటి నేను ఒప్పుకుంటాను. కొత్తగా వచ్చేవాళ్ళకు అప్పుడు చూడటం సులువు, చెరువు గట్టున నిలబడితే ఒకే చూపులో బోలెడు రకాలు. వేసవి పార్కులో జాబితా పొట్టిగా ఉంటుంది, చూసిన పిట్టల జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించి గొప్పలు చెప్పుకోవడానికి పనికిరాదు. నా దృష్టిలో అదే మేలు. రకాలు తక్కువైనప్పుడు ఒక్కో పిట్ట దగ్గర ఎక్కువసేపు నిలబడతాం, అది ఏమిటన్న ప్రశ్న అయిపోయి ఏం చేస్తోందన్న ప్రశ్న మొదలవుతుంది.

అట్లా నిలబడటానికి గుంపు చిన్నదిగా ఉండాలి. ముప్పై మంది వస్తే అది ఊరేగింపు అవుతుంది, గూట్లో ఉన్న తల్లి లేచిపోతుంది, అది లేచిన కాసేపట్లో ఎండ గుడ్లను కాల్చవచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు. మాకు రెండు మూడు కట్టుబాట్లున్నాయి. ఫోనులో పిట్టల కూతలు గుర్తుపట్టే మెర్లిన్ యాప్ పెట్టి కూత ఎవరిదో తెలుసుకోవచ్చు, కానీ ఆ ఫోనులోంచే కూత వినిపించి పిట్టను రప్పించకూడదు; గూడు కాచుకుంటున్న మగ పిట్ట దాన్ని శత్రువు గొంతనుకుని మేత మానేసి వెతుకుతుంది. గూటి ఫోటో తీయకూడదు, తీసినా ఎక్కడిదో చెప్పి పెట్టకూడదు. యూనివర్సిటీ పిల్లలకు ఇది మొదట్లో నచ్చలేదు. అంత మంచి ఫోటో వదులుకోవాలా అని ఒకరోజు సారుతో చాలాసేపు వాదించారు, ఆయన వాళ్ళ మాట విన్నారు, ఒప్పుకోలేదు.

ఈ ఏడు కొమ్మలు కొట్టే పని మొదలయ్యేలోపే సూపర్‌వైజర్‌ను కలిశాం. పనిని అక్టోబరుకు మార్చమంటే, "అది నా చేతుల లేదు సారూ, పైనుంచి అస్తది" అన్నాడు. నిజమే, ఆయన చేతుల్లో లేదు. అయితే గూడున్న చెట్లకు మేము సున్నంతో గీత పెట్టేటట్టు, గీత ఉన్నవాటిని జూన్ దాటేదాకా ముట్టనట్టు ఒప్పందం కుదిరింది. తురాయి కొమ్మ ఆ లెక్కన మిగిలింది. కరెంటు తీగ కింద ఉన్న వేపకు మాత్రం కుదరదన్నాడు, దానికి మేమూ సరేనన్నాం. తేదీలు మార్చమనే అర్జీ వేరుగా రాస్తున్నాం. నర్సక్క నోట్ బుక్‌లోంచి ఏ చెట్టు, ఏ పిట్ట, గూడు ఎప్పుడు మొదలైంది, పిల్లలు ఎప్పుడు ఎగిరాయి అని వరుసగా ఎక్కిస్తున్నాం. మా చలికాలపు జాబితాలన్నీ కూడా ముందేసుకుని చూశాం. ఏ పిట్ట ఎప్పుడు కనిపించిందో వాటిలో ఉంది గానీ, అర్జీలో రాయడానికి ఒక్క చెట్టు పేరైనా లేదు.